గట్టిగా దిమ్మిస కొట్టిన రేగడి

నరసరావుపేటకు దగ్గర్లో ఉన్న మా అమ్మగారి ఊళ్ళో మావయ్య కొత్తగా కట్టుకున్న ఇంట్లో, గృహప్రవేశమైన తర్వాత రెండో వానాకాలం వెళ్ళేసరికి, హాలు మధ్యలో గచ్చు తాబేటి డిప్పలా పైకి లేచింది. గోడల వెంబడి టైల్స్ మామూలుగానే ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి మాత్రం నాలుగైదు టైల్స్ విడిపోయి, అతుకుల్లోని సిమెంటు పొడిగా రాలుతూ, వాటి మీద కాలు పెడితే కింద బోలుగా చప్పుడవుతోంది. పడకగది తలుపు గచ్చుకు రాసుకుని సగంలోనే ఆగిపోతోంది. మట్టి పరీక్షలు చేసే ప్రయోగశాలలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి మావయ్య నాకే ఫోన్ చేశారు.

"పునాది కదల్లేదు, గోడ పగల్లేదు, గచ్చొక్కటే లేచిందిరా. లోపల పోసిన మట్టిని పొర పొరకీ దిమ్మిస కొట్టించి మరీ నింపించానే! గట్టిగా కొట్టిన మట్టి కిందికి దిగదని చెప్పింది మీ ఇంజనీర్లే కదా?" అని ఆయన నిలదీస్తే, "కిందికి దిగలేదు కదా మావయ్యా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గనిపించింది, ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న సరైనది. మట్టిని ఎంత గట్టిగా దట్టిస్తే అంత మంచిదన్న నమ్మకం మేస్త్రీల దగ్గర మొదలై కొందరు ఇంజనీర్ల దాకా అందరిలోనూ ఉంది. ఇసుక, మొరం, ఎర్రమట్టి విషయంలో ఆ నమ్మకం దాదాపుగా నిజమే. నల్లరేగడి దగ్గరకు వచ్చేసరికి అది తిరగబడుతుంది. ఆ రోజు ఫోన్‌లో మావయ్యకు సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

రేగడి చేలు చూసినవాళ్ళకు ఆ నేల స్వభావాన్ని కొత్తగా వర్ణించి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో చేయి దూరేంత నెర్రెలు ఇస్తుంది, జేబులోంచి జారిన తాళంచెవి అందులో పడితే ఇక దొరకదు. నాలుగు వానలు పడగానే అవే నెర్రెలు ఆనవాలు లేకుండా పూడుకుపోతాయి. దీనికి కారణం ఆ మట్టిలోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమట్టి ఖనిజం. ఫ్రాన్సులోని మాంట్‌మోరిల్లన్ అనే ఊరి పేరే దానికి పెట్టారు. దాని కణం విస్తరాకుల కట్టలా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కొక్క పొరలో రెండు సిలికా రేకుల మధ్య ఒక అల్యూమినా రేకు ఇమిడి ఉంటుంది. పొర మందం ఒక మిల్లీమీటరులో పది లక్షల వంతు మాత్రమే. పొరకూ పొరకూ మధ్య ఉన్న బంధం చాలా బలహీనం కావడం వల్ల నీరు ఆ సందుల్లోకి చొరబడి పొరలను దూరంగా జరుపుతుంది. ఈ ఖనిజాన్ని ఒక్క గ్రాము తీసుకుని పొరలన్నీ విడదీసి పరిస్తే సుమారు 800 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుందని లెక్క. కుండలకు, పింగాణీకి వాడే కేయొలినైట్‌లో అదే గ్రాముకు పది, ఇరవై చదరపు మీటర్లకు మించదు. దాని పొరలు గట్టి బంధంతో అంటుకుని ఉంటాయి కాబట్టి నీటికి లోపల చోటు ఇవ్వవు. రెండూ బంకమట్టే అయినా ఒకటి ఉబ్బుతుంది, ఇంకొకటి పెద్దగా ఉబ్బదు.

ఇక కాంపాక్షన్ సంగతి. మట్టిని దట్టించడం మన పెద్దలకు తెలియని విద్యేమీ కాదు. చెరువు కట్టలు వేసిన వాళ్ళందరూ చేసిందే అది. ఆ పనిని ఒక పరీక్షగా మలిచి, గ్రాఫు గీసి చూపించినవాడు లాస్ ఏంజెలెస్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన రాల్ఫ్ ప్రాక్టర్. 1928లో సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట కూలిపోయిన తర్వాత దానికి బదులుగా కట్టిన మట్టి ఆనకట్టల పనిలో ఉండగా ఆయన ఈ పద్ధతిని రూపొందించి 1933లో వ్యాసాలుగా ప్రచురించాడు. మన భారతీయ ప్రమాణాల ప్రకారం తేలికపాటి పరీక్షలో 1000 ఘనసెంటీమీటర్ల అచ్చులో మట్టిని మూడు పొరలుగా వేసి, 2.6 కిలోల సుత్తిని 310 మి.మీ. ఎత్తు నుంచి పొరకు 25 సార్లు వదులుతాం. బరువైన పరీక్షలో సుత్తి 4.9 కిలోలు, ఎత్తు 450 మి.మీ., పొరలు అయిదు. తేమను కొద్దికొద్దిగా పెంచుతూ ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తే, ఒక దశ దాకా పొడి సాంద్రత పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది. సాంద్రత శిఖరానికి చేరిన చోట ఉన్న తేమనే ప్రయోగశాలలో ఓఎంసీ అంటాం. రైతు దుక్కికి ముందు పిడికెడు మట్టి తీసి నొక్కి చూసి 'పదునుంది' అంటాడే, కచ్చితంగా అదే తేమ కాకపోయినా ఆ ఆలోచనకు అది దగ్గరి మాట. అందుకే ఈ వ్యాసంలో ఆ తేమను పదును అనే పిలుస్తాను. పదునుకు తక్కువ తేమ ఉన్న పక్షాన్ని ఎండుపక్షం, ఎక్కువ ఉన్న పక్షాన్ని తడిపక్షం అంటాను.

మావయ్య ఇంట్లో జరిగిందేమిటంటే, పునాది గుంతల్లోంచి తీసిన నల్లమట్టిని ఇంటి పక్కనే కుప్ప పోశారు. అది వేసవంతా ఎండింది. మే నెలాఖరులో గోడల మధ్య దాదాపు మీటరు లోతున ఆ మట్టినే నింపి, దుమ్ము లేవకుండా పైపైన నీళ్ళు చల్లి, ఇంజనుతో నడిచే దిమ్మిసతో చాలా శ్రద్ధగా కొట్టారు. మేస్త్రీ చేసిన పనిలో బద్ధకం ఎక్కడా లేదు. ఆ శ్రద్ధే ఇక్కడ చెరుపు చేసింది.

ఎలాగో చూడడానికి ఒక ఘనమీటరు మట్టి లెక్క వేద్దాం. మట్టి గింజల సాంద్రత నీటికి 2.7 రెట్లు అనుకుందాం. మట్టిని వదులుగా, ఘనమీటరుకు 1400 కిలోల పొడి బరువు ఉండేలా నింపితే గింజలు సుమారు 520 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి, 480 లీటర్లు ఖాళీ ఉంటుంది. అదే మట్టిని గట్టిగా కొట్టి 1600 కిలోలు కూరితే గింజలకు 590 లీటర్లు పోగా ఖాళీ 410 లీటర్లకు తగ్గుతుంది. అంటే దిమ్మిస రెండు పనులను ఒకేసారి చేసింది. ఉబ్బే స్వభావమున్న సరుకును అదే చోటులో 200 కిలోలు ఎక్కువ పెట్టింది; ఆ సరుకు ఉబ్బినప్పుడు తనలో తాను సర్దుకోవడానికి ఉన్న ఖాళీని తగ్గించింది. వదులుగా ఉన్న రేగడి తడిసినప్పుడు పొరలు విడివడినా ఆ పెరుగుదలలో కొంత లోపలి ఖాళీల్లోనే ఇంకిపోతుంది. గట్టిగా కూరిన రేగడికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి అది పైకే రావాలి. తేమ ఒకేలా ఉంచి సాంద్రత పెంచుతూ పోతే ఉబ్బూ పెరుగుతుంది, ఉబ్బును అడ్డుకుంటే మట్టి చూపే ఎదురుబలం, అంటే ఉబ్బు పీడనం, ఇంకా వేగంగా పెరుగుతుంది.

ఈ లెక్కలో నీరు ఇంకా రాలేదు. అసలు కథంతా నీటిలోనే ఉంది. పైన చెప్పిన 1600 కిలోల మట్టిలో కొట్టేటప్పుడు ఉన్న తేమ 12 శాతమైతే నీరు 192 లీటర్లు. ఇంకా 218 లీటర్ల చోటు గాలితో నిండి ఉంటుంది, బంకమట్టి పొరల దాహం తీరదు. అలా ఎండిన రేగడికి నీటిని పీల్చుకునే బలం విపరీతంగా ఉంటుంది. నీరు ఎక్కడ దొరికితే అక్కడినుంచి, పక్క నేలలోని చెమ్మ నుంచైనా సరే, లాక్కుంటుంది. దీనికి బదులు అదే మట్టిని 26 శాతం తేమతో కలిపి 1500 కిలోల సాంద్రతకు కొట్టామనుకోండి. నీరు 390 లీటర్లు, ఖాళీ 444 లీటర్లు, గాలికి మిగిలింది 54 లీటర్లే. ఈ మట్టి ఉబ్బవలసినదంతా చాలావరకు కలిపేటప్పుడే, మన కళ్ళముందే, కుప్ప మీదే ఉబ్బేసింది. రేపు వాన పడ్డా, పైపు కారినా అది కొత్తగా తాగగలిగేది తక్కువ. ఉబ్బు పీడనాన్ని ప్రధానంగా సాంద్రత నిర్ణయిస్తే, మట్టి ఎన్ని మిల్లీమీటర్లు లేస్తుందన్నదాన్ని మాత్రం మొదట్లో ఉన్న తేమ గట్టిగా శాసిస్తుంది.

సాంద్రత, తేమ చాలవన్నట్టు మూడో సంగతి ఒకటి ఉంది, అది గింజల అమరిక. 1958లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లాంబ్ చెప్పిన ప్రకారం, ఎండుపక్షంలో కొట్టిన బంకమట్టిలో రేకుల్లాంటి కణాలు అడ్డదిడ్డంగా, చీట్లపేక కూలిపోయినప్పటిలా అంచులూ ముఖాలూ తగులుకుని ఉంటాయి. తడిపక్షంలో కొట్టిన మట్టిలో నీటి పొర కందెనలా పనిచేసి కణాలు ఒకదానికొకటి సమాంతరంగా, సర్దిపెట్టిన తమలపాకుల్లా పడుకుంటాయి. ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో సీడ్, చాన్ ఈ అమరికకూ ఉబ్బుకూ కుంచుకూ ఉన్న సంబంధాన్ని పరీక్షలతో చూపించారు. ఎండుపక్షపు మట్టి తడిసినప్పుడు ఎక్కువ ఉబ్బుతుంది, ఎండినప్పుడు తక్కువ కుంచించుకుంటుంది. తడిపక్షపు మట్టి తక్కువ ఉబ్బుతుంది కానీ ఎండితే ఎక్కువ కుంచించుకుంటుంది, ఎందుకంటే సమాంతరంగా పడుకున్న ఆకులు నీరు పోగానే దగ్గరగా జరగడానికి అడ్డేమీ ఉండదు, పైగా పోవడానికి నీరూ ఎక్కువే ఉంది. అడ్డదిడ్డంగా తగులుకున్న కణాలు ఒకదాన్నొకటి ఊతకర్రల్లా పట్టుకుని ముడుచుకోవడాన్ని ఎదిరిస్తాయి.

ఈ తేడాను మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలకు చూపించడానికి నేను ఒక పని చేస్తుంటాను. ఒకే కుప్పలోని రేగడిని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని పదునుకు నాలుగు శాతం తక్కువ తేమతో, ఇంకొకదాన్ని నాలుగు శాతం ఎక్కువ తేమతో కలిపి, ఒక రాత్రంతా సంచుల్లో మగ్గనిచ్చి, 60 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం ఉన్న రెండు ఉక్కు ఉంగరాల్లో ఒకే పొడి సాంద్రతకు దట్టించి పరికరంలో పెట్టి నీళ్ళు పోస్తాం. మట్టి ఎంత లేచిందో చూపే డయల్ గేజి ముల్లు ఎండుపక్షపు మట్టి దగ్గర కాఫీ తాగి వచ్చేలోగా కదలడం మొదలుపెట్టి రోజులపాటు నడుస్తూనే ఉంటుంది. తడిపక్షపు మట్టి దగ్గర ముల్లు బద్ధకంగా కొంచెం జరిగి ఆగుతుంది. ఇక్కడితో ఆపేస్తే పిల్లలు తడిపక్షమే మంచిదని రాసుకుని వెళ్ళిపోతారు. కాబట్టి అలాగే దట్టించిన మరో జంట ఉంగరాలను నీళ్ళు పోయకుండా ఆరబెట్టి రెండు రోజుల తర్వాత చూపిస్తాను. ఎండుపక్షపు మట్టి ఉంగరాన్ని దాదాపుగా అంటిపెట్టుకునే ఉంటుంది. తడిపక్షపు మట్టి మాత్రం ఉంగరం నుంచి ఊడివచ్చి, చుట్టూ సందు ఇచ్చి, ఎండిన దోసెలా అంచులు లేపుకుని ఉంటుంది.

అందువల్ల రేగడిని ఏ తేమతో దట్టించాలన్న ప్రశ్నకు జవాబు, ఆ మట్టి తర్వాతి జీవితం ఎక్కడ గడపబోతోందన్నదాని మీద ఆధారపడుతుంది. గచ్చు కింద మూతపడిపోయే మట్టికి ఎండ తగలదు, కాబట్టి అది తడిపక్షంలో ఉండడమే మేలు. రోడ్డు అంచున, కాలువ గట్టు మీద, ఎండకు ఒళ్ళు అప్పగించి ఉండే మట్టిని మరీ తడిగా దట్టిస్తే మొదటి వేసవికే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల గుండా మొదటి వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. నల్లరేగడి మీద వేసిన మన రోడ్లలో చాలాచోట్ల తారు అంచుకు రెండు మూడడుగుల లోపల పొడవునా పాము పాకినట్టు కనిపించే చీలికకు మూలం ఇదే. రోడ్డు నడుమ మట్టి తారు దుప్పటి కింద చెమ్మగానే ఉంటుంది, అంచున ఉన్న మట్టి మాత్రం ప్రతి వేసవీ ఎండి ముడుచుకుని తారును తనవైపు లాగుతుంది. చెత్త డంపింగ్ యార్డుల అడుగున పరిచే బంకమట్టి పొరలకూ ఇదే చిక్కు ఉంది. నీరు కారకుండా ఉండాలంటే పదునుకు కాస్త పైన, తడిపక్షంలో దట్టించాలి. అలా దట్టించి కప్పకుండా వదిలేస్తే పగుళ్ళిచ్చి, దేనికోసం వేశామో ఆ పనికే పనికిరాకుండా పోతుంది.

పుస్తకంలో ఉన్న ఈ తేమ లెక్కలను పొలంలో సాధించడం ఎంత కష్టమో చెప్పకపోతే నేను సగం అబద్ధం చెప్పినట్టే. ఎండిన రేగడి పెళ్ళ రాయితో సమానం. దాని మీద ట్యాంకరుతో నీళ్ళు కొడితే పెళ్ళ పైభాగం జిగురై లోపలికి నీరు పోనివ్వదు. పైన బంక, నడుమ ఎముకలా ఎండిన గుండె. అలాంటి పెళ్ళల కుప్పలోంచి చారెడు మట్టి తీసి పొయ్యిలో ఆరబెట్టి చూస్తే తేమ సగటున సరిగ్గానే కనిపిస్తుంది, కాగితం మీద సంతకమూ పడుతుంది. తర్వాత రెండు మూడేళ్ళపాటు ఒక్కొక్క పెళ్ళ గుండెకూ నీరు నెమ్మదిగా చేరుతూ ఉబ్బుతూ ఉంటుంది. రేగడిలో నీటి నడక అంత నిదానం కాబట్టే మావయ్య గచ్చు మొదటి వానాకాలంలో కాకుండా రెండో దానిలో బయటపడింది. ఈ చిక్కును తప్పించాలంటే పెళ్ళలను చితక్కొట్టి, నీరు కలిపి, కనీసం ఒక రాత్రి మగ్గనిచ్చి, పలచని పొరలుగా పరిచి దట్టించాలి. పెద్ద పనుల్లో దీనికి నున్నటి డ్రమ్ము రోలర్ కంటే గొర్రె గిట్టల్లాంటి పొడుచుకొచ్చిన ముక్కలున్న షీప్‌ఫుట్ రోలర్ మేలు, అది మట్టిని పైనుంచి అదమడంతో ఆగక లోపల పిసుకుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇవన్నీ అయ్యే పని కాదని నాకూ తెలుసు.

మన జాతీయ రహదారుల నిర్మాణ నిబంధనల్లో ఒక చిన్న పట్టిక ఉంది, దాన్ని చూసినప్పుడల్లా అది రాసినవాళ్ళకు రేగడి బాగా తెలుసనిపిస్తుంది. మామూలు మట్టితో కట్టే గట్టును బరువైన పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతానికి తగ్గకుండా, రోడ్డు పొరల కింద ఉండే పైమట్టిని 97 శాతానికి తగ్గకుండా దట్టించాలని అడుగుతుంది. ఉబ్బే మట్టి వరుసకు వచ్చేసరికి పైమట్టిలోనూ, దాని కింది 500 మి.మీ. లోనూ దాన్ని అసలు వాడకూడదంటుంది. మిగిలిన గట్టు భాగంలో 90 శాతానికి తగ్గకుండా ఉంటే చాలంటుంది. అన్ని మట్టుల కంటే బలహీనమైన మట్టిని అన్నిటికంటే తక్కువ గట్టిగా కొట్టవచ్చని ఎందుకన్నారని ఒక కాంట్రాక్టరు నన్ను ఒకసారి అనుమానంగా అడిగాడు, నేనేదో ఆయన బిల్లులో మెలిక పెడుతున్నానన్నట్టు. పైన వేసిన ఘనమీటరు లెక్కనే ఆయనకూ చెప్పాను.

ఏది ఉబ్బే మట్టో తేల్చుకోవడానికి వాడే పరీక్ష చాలా చవకైనది. 425 మైక్రాన్ల జల్లెడ నుంచి దిగిన పొడిమట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి ఒక రోజు వదిలేస్తే, కిరోసిన్‌లో మట్టి ఉబ్బకుండా కూర్చుంటుంది, నీళ్ళలో ఉబ్బి పైకి వస్తుంది. కిరోసిన్‌లో 10, నీళ్ళలో 22 మిల్లీలీటర్లు వచ్చిందంటే ఉబ్బు సూచిక 120 శాతం. 50 శాతం దాటిన మట్టిని రోడ్డు గట్టుకే వాడకూడదని పై నిబంధనలు చెబుతున్నాయి; ఇందాక చెప్పిన 90 శాతం లెక్క అంతకు లోపు ఉబ్బే మట్టికే. ఈ పరీక్షలో మట్టి గొట్టంలోకి వదులుగా జారుతుంది కాబట్టి ఇది మట్టి జాతి ఏమిటో చెబుతుంది తప్ప దట్టించాక అది ఎంత లేస్తుందో చెప్పలేదు. దానికి ఉంగరంలో పెట్టి చూసే పరీక్ష ఒక్కటే దారి. రిపోర్టులో ఒక్క ఉబ్బు సూచికే రాసి చేతులు దులుపుకోవడం మా వృత్తిలో ఉన్న ఒక చెడ్డ అలవాటు.

మావయ్య అడిగిన రెండో ప్రశ్న, గోడలు కదలకుండా గచ్చే ఎందుకు లేచిందన్నది. వంద మి.మీ. కాంక్రీటు, దాని మీద సిమెంటు, టైల్స్ కలిపి చదరపు మీటరుకు సుమారు 350 కిలోల బరువు ఉంటుంది. ఎండుగా, గట్టిగా దట్టించిన రేగడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఉబ్బు పీడనం చూపడం వింతేమీ కాదు, అంతకు రెండు మూడింతలూ చూపగలదు. చదరపు సెంటీమీటరుకు కిలో అంటే చదరపు మీటరుకు పది టన్నులు. పది టన్నులు ఎత్తగలిగినదాని మీద మూడున్నర క్వింటాళ్ళు పెట్టి కూర్చోమన్నాం. పిల్లర్ల సంగతి వేరు, వాటి మీద ఇంటి బరువంతా ఉంది, అవి నిలబడ్డ లోతులో తేమ ఋతువుల వెంట పెద్దగా మారదు. మన దేశపు రేగడిలో సాధారణంగా మూడున్నర మీటర్ల లోతు దాటితే ఋతువుల ప్రభావం అందదన్న లెక్కతోనే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే పునాది స్తంభాల, పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అడుగున ఉల్లిగడ్డలా, కాండానికి రెండున్నర రెట్లు వెడల్పయ్యే ఆ పైల్ స్థిరమైన మట్టిలో లంగరు వేసుకుంటుంది. పైన ఏం జరిగినా అది కదలదు. గచ్చుకు అలాంటి లంగరు లేదు.

దట్టింపు ప్రభావం శాశ్వతమా అని కూడా అడగాలి. రేగడిని తడిపి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి చూస్తే, పాక్షికంగా ఎండేలా చేసిన పరీక్షల్లో ఉబ్బు ప్రతిసారీ కాస్త తగ్గుతూ నాలుగైదు విడతల తర్వాత ఒక స్థాయిలో నిలబడుతుంది. పూర్తిగా ఎముకలా ఎండబెడితే మాత్రం తగ్గకపోగా పెరగనూ వచ్చు. ఎలా చూసినా కొన్ని ఋతువులు గడిచాక మట్టి తన పాత దట్టింపును మెల్లగా మరిచిపోతుంది; దిమ్మిస ఏర్పరచిన అమరికను నెర్రెలూ వానలూ చెరిపి, దాన్ని మళ్ళీ చేనిమట్టిలా పెళ్ళలు పెళ్ళలుగా చేస్తాయి. ఎండకు అందే చోట దట్టింపు మీద పెట్టిన ఖర్చు ఆయుష్షు తక్కువన్నది నా అనుభవం. తేమ మారకుండా కప్పి ఉంచిన చోటే అది నిలుస్తుంది.

డల్లస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న మా చిన్నాన్నగారి అబ్బాయి, వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెడుతున్నామని చెబితే మా ఇంట్లో అందరూ నవ్వారు, మొక్కలకు పెట్టినట్టు ఇంటికి నీళ్ళేమిటని. వాడు చేస్తున్నది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఉత్తర టెక్సాస్ బంకమట్టి మన రేగడికి దగ్గరి చుట్టమే. అక్కడ ఇల్లు కట్టే ముందు పైనున్న కొన్ని అడుగుల మట్టిని తవ్వి, కావాలనే పదునుకు మించి నీరు కలిపి, మరీ గట్టిగా కాకుండా మళ్ళీ దట్టించడం మామూలు పద్ధతి. అలా తడిపి పెట్టిన మట్టి తర్వాత ఎండితే కుంచించుకుంటుంది కాబట్టి ఆ గొట్టంతో చెమ్మను కాపాడుకోవాలి. ఉబ్బును ముందే తీర్చేసి, కుంచును రాకుండా కాపలా కాయడమన్నమాట. తాగేనీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళలో ఈ సలహా చెప్పే ధైర్యం నాకు లేదు.

మన దగ్గర నప్పే దారి వేరు. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్. కె. కట్టి రేగడి నేలల్లో కాలువల లైనింగు ఎందుకు పగులుతుందో పరిశీలించి, రేగడికీ లైనింగుకూ మధ్య ఉబ్బని, అయినా జిగురున్న మట్టి పొరను దట్టించి వేయాలని చూపించారు. కర్ణాటకలోని మలప్రభ కాలువల్లో ఆ పద్ధతి వాడారు, తర్వాత అది భారతీయ ప్రమాణంగానూ వచ్చింది. దిమ్మిసకు అసలు చోటు అక్కడుంది. కొట్టాల్సింది రేగడిని కాదు, దాని మీద పరిచిన ఉబ్బని మట్టిని; ఆ పొర ఎంత గట్టిగా ఉంటే కింది రేగడిని అంత బాగా అదిమి పెడుతుంది.

మావయ్య ఇంట్లో మేం చేసింది దాని చిన్న రూపమే. హాలు గచ్చు తవ్వించి, లోపలి నల్లమట్టిని మీటరు లోతున ఎత్తించి చేలోకి తోలించాం. అక్కడైతే అది బంగారం. దాని స్థానంలో మొరం తెప్పించి, తడిపి, జానెడు మందం పొరలుగా, అదే మేస్త్రీ చేత, అదే దిమ్మిసతో కొట్టించాం. ఈసారి ఎంత గట్టిగా కొట్టమంటారని ఆయన నా వంక ఎగాదిగా చూస్తూ అడిగాడు, నీకు ఓపికున్నంత అన్నాను. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున వాలుగా చప్టా వేయించి వాననీరు గోడ మొదట్లో నిలవకుండా చేశాం. హాల్లో టైల్స్ వద్దని మావయ్యే పట్టుబట్టి నాపరాళ్ళు పరిపించారు, మా తాతగారి ఇంట్లోలాగా. ఆ పాత ఇంట్లో ప్రతి అయిదారేళ్ళకూ రాళ్ళు లేపి, కింద సరిచేసి, మళ్ళీ పరిచేవాళ్ళని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. నేల కదులుతుందని ముందే ఒప్పుకుని వేసిన గచ్చు అది.

పని అయ్యాక, నా మాట మీద పూర్తి నమ్మకం లేకనో ఏమో, హాలు నడుమ నుంచి గోడకు నీళ్ళ గొట్టంతో మట్టం చూసి పెన్సిలుతో గీత పెట్టి పక్కన 'ఉగాది' అని రాశారు మావయ్య. వానలన్నీ వెళ్ళిపోయాక దసరాకు మళ్ళీ చూస్తే రెండో గీత మొదటి దాని మీదే పడిందని ఫోటో పంపారు. ప్రహరీ గేటు గడియ మాత్రం ఇప్పటికీ వానాకాలంలో పట్టదు, వేసవిలో దానంతటదే పడుతుంది. ఆ స్తంభాల కింద ఏ మట్టి కొట్టారో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.